అలల ఎత్తు ఒక్కటే వేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సర్ఫింగ్ మీద, అంటే బోర్డు మీద నిలబడి అలలపై జారే ఆట మీద, వచ్చిన రెండు పేజీల వ్యాసం చదివాను. నేను 31 ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి. ఎవరు ఏ కాగితం చేతికిచ్చినా పెన్సిలు కోసం జేబు తడుముకోవడం ఇంకా పోలేదు. మీ వ్యాసం చదువుతూ మూడుసార్లు తడుముకున్నాను. అచ్చుతప్పులు దాదాపు లేవు. ఒక్కటి ఉంది, దాని సంగతి చివర చెబుతాను. నా ఇబ్బంది అచ్చుతప్పులతో కాదు, రాయకుండా వదిలేసిన విషయంతో. రాసిన వాటిలోనూ ఒకటి ప్రమాదకరమైనది ఉంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. కత్తెర వేయక తప్పదంటే నా గోడు కత్తిరించండి గానీ, ప్రశాంతంగా కనిపించే నీటి గురించి రాసిన పేరాను, చివర చేసిన విన్నపాన్ని మాత్రం ఉంచండి.

వ్యాసం సారాంశం ఇది: బోర్డు మీద బోర్లా పడుకుని, అల వెనక నుంచి రాగానే బలమంతా పెట్టి నీళ్లలో చేతులు వేయాలి, బోర్డు కదలగానే లేచి నిలబడాలి, ఆ తర్వాత మోకాళ్లు వంచి తూకం నిలుపుకోవాలి. మోకాళ్లు ఎంత వంచాలో, కాళ్ల మధ్య ఎంత దూరం ఉండాలో, చూపు ఎటు ఉండాలో అన్నీ ఉన్నాయి. ఏ అలను ఎంచుకోవాలి, దానికోసం ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు తిరగాలి అన్న సంగతులు మాత్రం ఒక్క వాక్యంలోనూ లేవు. రైలు ఎన్నింటికి, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పకుండా, ఎక్కాక కిటికీ పక్కన ఎలా కూర్చోవాలో చెప్పినట్టుంది.

వ్యాసం పక్కనే వేసిన ఫొటో చూడండి. ‘కెరటాన్ని అందుకున్న యువకుడు’ అని కింద రాశారు. ఆ కుర్రాడు నిలబడింది అప్పటికే విరిగిపోయి మోకాలెత్తున పరుచుకున్న తెల్లని నురగ మీద. కెరటం అతనికి 30 మీటర్ల వెనకే అయిపోయింది. ఫొటో ఎడమ అంచున, సగం తెగిపోయి, నీళ్లలోంచి చాచిన ఒక చెయ్యి కనిపిస్తుంది. చాలామంది పాఠకులు గమనించి ఉండరు. నేను మాత్రం చూడగానే గుర్తుపట్టాను. అది శిక్షకుడి చెయ్యి. కుర్రాడి బోర్డును అప్పుడే వెనక నుంచి తోసింది. కెరటాన్ని అందుకున్నవాడు ఎవరని అడిగితే, ఆ చేతి యజమాని అనాలి.

ఆ చెయ్యి నన్ను 11 వారాలు తోసింది. 52వ ఏట, కళ్లజోడు తాడుతో కట్టుకుని, నేర్చుకోవడానికి చేరాను. శిక్షకుడు నడుములోతు నీళ్లలో నిలబడి సముద్రం వైపు చూసేవాడు. నేను బోర్డు మీద బోర్లా పడుకుని ఒడ్డు వైపు చూసేవాణ్ణి. ఆయన ‘సిద్ధం’ అనేవాడు, తోసేవాడు, ‘లేవండి’ అనేవాడు. నాలుగో రోజుకే లేచాను. ఫొటోలు తీయించుకున్నాను, చుట్టాలందరికీ పంపాను. ఆయన్ని తప్పుపట్టలేను. మొదటి రోజే నిలబడ్డవాడు మళ్లీ వస్తాడు. మొదటి రోజంతా ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూడమంటే, ‘ఇదేం చదువు’ అని మర్నాటి నుంచి మానేస్తాడు. నేనైతే తప్పకుండా మానేసేవాణ్ణి. కానీ 11 వారాల తర్వాత నాకు వచ్చిందేమిటంటే లేచి నిలబడటం, అంతే. అదీ ఎవరైనా తోస్తే.

పన్నెండో వారం ఒంటరిగా వెళ్లాను. రెండు గంటలు నీళ్లలో ఉన్నాను. ఒక్క అలా దొరకలేదు. కొన్ని నా కింద నుంచి జారుకున్నాయి. బోర్డు తోక లేచేది, ముక్కు లేచేది, మళ్లీ దిగేది, అల ముందుకు వెళ్లిపోయేది, నేను ఉన్నచోటే చేతులు తిప్పుతూ ఉండేవాణ్ణి. కొన్ని సరిగ్గా నెత్తిన విరిగాయి. బోర్డు ముక్కు నీళ్లలోకి దూసుకుపోయి, నేను దాని మీదుగా బోల్తా కొట్టి, చెవుల్లో ఇసుకతో పైకి తేలాను. బలం చాలలేదనుకుని ఇంకా గట్టిగా చేతులు వేశాను. చివరికి భుజాలు ఎత్తలేని స్థితికి వచ్చాయి.

పక్కన, ఒక 20 మీటర్ల దూరంలో, కాలేజీ వయసు అమ్మాయి బోర్డు మీద కూర్చుని ఉంది. చాలాసేపటి నుంచి నన్ను గమనిస్తున్నట్టుంది. ఉండబట్టలేక అడిగింది: “అంకుల్, ఏమీ అనుకోకండి. మీరు ఇందాకటి నుంచి ఒడ్డునే చూస్తున్నారు. అలలు ఇటు నుంచి కదా వస్తాయి?”

సిగ్గుతో చచ్చిపోయాను. 11 వారాలు నన్ను ఒడ్డు వైపు తిప్పి పడుకోబెట్టారు, నేను అలాగే ఉండిపోయాను. ఎదురుగా వస్తున్నదాన్ని చూడటం నా పనే అన్న ఆలోచన కూడా రాలేదు. అక్షరం అక్షరం చూసి పొట్టపోసుకున్నవాణ్ణి మరి!

రేపు బోర్డు తీసుకురావద్దనీ, ఊరికే అరగంట కూర్చుని చూడమనీ ఆ అమ్మాయి చెప్పింది. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు కాబట్టి నోటుపుస్తకం పట్టుకెళ్లాను. మూడు పొద్దులు కూర్చున్నాను. నా పాత గుర్తులే వాడాను. గోడ కూలినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేసారి విరిగిపడే అలకు కొట్టివేత గుర్తు. అది పనికిరాదు, ఎక్కినా పక్కకు పోవడానికి దారి ఉండదు. ఒకచోట మొదలై మెల్లగా పక్కకు విరుగుతూ పోయే అలకు చేర్పు గుర్తు, అంటే గొడుగులాంటి ఆ చిన్న కొన. ఎక్కడ విరగడం మొదలైందో అక్కడ ఆ కొన పెట్టేవాణ్ణి. మొదటి పొద్దు పేజీ అంతా కొట్టివేతలే. ఇంత అధ్వాన్నమైన ప్రూఫు నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు.

ప్రతి ఏడో అల పెద్దదని విని ఉన్నాను కాబట్టి ముందు అది తేల్చాలనుకున్నాను. తేలింది, నిజం కాదని. పెద్ద అలలు గుంపులుగా వచ్చేమాట నిజమే, సర్ఫర్లు వాటిని సెట్ అంటారు. నా పుస్తకంలో ఒక సెట్‌లో మూడు, ఇంకోదానిలో అయిదు, ఒకసారి ఎనిమిది ఉన్నాయి. రెండు సెట్ల మధ్య ఆరు నిమిషాలు, తొమ్మిది, మళ్లీ నాలుగు. ఏడుకు పట్టం కట్టే ఆధారం ఎక్కడా దొరకలేదు. కారణం తర్వాత తెలిసింది. సముద్రం మీద ఎప్పుడూ ఒకే వరస అలలు ఉండవు. కొద్దిపాటి తేడా ఉన్న వరసలు ఒకదానిలో ఒకటి కలిసి నడుస్తుంటాయి. వాటి శిఖరాలు కలిసినచోట అల పెద్దదవుతుంది, ఒకదాని శిఖరం మీద ఇంకోదాని పల్లం పడినచోట అణిగిపోతుంది. సముద్రం పడుకున్నట్టు కనిపించే ఆ ఆరు నిమిషాలూ ఈ లెక్కలోవే.

ఆ వరసలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిశాక నాకు సముద్రం మీద గౌరవం పెరిగింది. దూరాన ఎక్కడో తుఫాను గాలి నీటిని చిందరవందర చేస్తుంది. అక్కడి నుంచి బయలుదేరాక పొడుగు అలలు వేగంగా, పొట్టి అలలు మెల్లగా నడుస్తాయి. అందుకే ఎంత దూరం వస్తే అంత క్రమం కుదురుతుంది. శిఖరానికీ శిఖరానికీ మధ్య 10 సెకన్లు ఉన్న అల లోతైన సముద్రంలో గంటకు దాదాపు 56 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 1963లో వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రవేత్త తన బృందంతో పసిఫిక్ మహాసముద్రం పొడవునా పరికరాలు పెట్టి, దక్షిణ ధ్రువం వైపు తుఫానుల్లో పుట్టిన అలలను అలాస్కా తీరం దాకా వెంటాడి చూశాడు. 10,000 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. మన కాళ్ల దగ్గర చిటికెలో విరిగిపోయే అల రోజుల తరబడి నడిచి వచ్చిందన్నమాట. నీళ్లు మాత్రం నడిచి రావు. మీ వ్యాసంలో ‘కెరటాలు సముద్రపు నీటిని ఒడ్డుకు మోసుకొస్తాయి’ అన్నారు. అలలు విరిగే చోటుకు అవతల తేలుతున్న కర్రముక్కను రెండు నిమిషాలు చూడండి. అల కిందికి రాగానే లేస్తుంది, కొంచెం ముందుకు వస్తుంది, దిగుతూ వెనక్కి పోతుంది, దాదాపు మొదట ఉన్నచోటికే చేరుతుంది. నా కింద నుంచి అలలు జారుకుంటున్నప్పుడు నేనూ ఆ కర్రముక్కనే.

కర్రముక్కకూ సర్ఫర్‌కూ తేడా వచ్చేది అల విరిగే చోట. అల కింది భాగానికి నేల తగిలేసరికి వేగం తగ్గుతుంది, వెనక నుంచి వచ్చేది దగ్గరపడుతుంది, ఎత్తు పెరుగుతుంది, ముందు భాగం నిటారవుతుంది. నీటి లోతు సుమారుగా అల ఎత్తుకు 1.3 రెట్లు ఉన్నచోట ఇక నిలబడలేక విరుగుతుంది. మీటరు ఎత్తు అల 1.3 మీటర్ల లోతులో, రెండు మీటర్ల అల అంతకంటే దూరంగా, దాదాపు 2.6 మీటర్ల లోతులో. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే ఒంటరిగా వెళ్లిన ఆ మొదటి రోజు నాకు చాలా దెబ్బలు తప్పేవి. ఆ రోజు చుట్టూ ఉన్నవాళ్లంతా ఉన్నట్టుండి సముద్రం లోపలికి చేతులు వేసుకుంటూ వెళ్లిపోయారు. భయపడి పోతున్నారనుకున్నాను, ఇక ఈ చోటంతా నాదే అని సంతోషించాను కూడా. వాళ్లు చూసింది దూరాన దిగంతం మీద లేచిన నల్లని గీతను. సెట్ వస్తోంది, అది ఇంకా అవతల విరుగుతుంది, అక్కడికి ముందే చేరాలి. నేను పాత చోటులోనే కూర్చుని మూడు అలలు వరసగా నెత్తిన వేయించుకున్నాను.

ఇప్పుడు మీ ‘బలమంతా పెట్టి’ సంగతికి వస్తాను. 1.3 మీటర్ల లోతులో అల వేగం గంటకు దాదాపు 13 కిలోమీటర్లు. నాలాంటివాడు చేతులతో ఎంత గింజుకున్నా అయిదు దాటదు. మిగతా ఎనిమిది ఎక్కడి నుంచి రావాలి? భుజాల నుంచి రాదు. అల ముందు భాగం వాలుగా లేచినప్పుడు బోర్డు ఆ వాలు మీద కిందికి జారుతుంది, ఆ జారుడు ఇచ్చేదే మిగతా వేగం. వాలు సరిపోనంత లోపల ఉంటే అల కింద నుంచి పోతుంది. నిటారైపోయాక దొరికితే ముక్కు మునుగుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న చోటు చిన్న అలల్లో నాలుగైదు బారలు కూడా ఉండదు. మనిషి ఆ నాలుగైదు బారల్లో ఉన్నాడా లేదా అన్నదే అసలు పరీక్ష. ఉంటే నాలుగు సార్లు మెత్తగా చేతులు వేసినా చాలు. నా నోటుపుస్తకంలో ఆ అమ్మాయి అల పట్టిన ప్రతిసారీ చేతులు లెక్కపెట్టాను. ఆరు, నాలుగు, అయిదు, మూడు. నేను ఒక్కో అలకు 20 వేసి ఊరుకున్నవాణ్ణి.

ఆ చోటు ఎక్కడుందో కనిపెట్టడానికి ఒడ్డు మీద రెండు గుర్తులు పెట్టుకోవాలని కూడా ఆమే చెప్పింది. ఒడ్డున దీపస్తంభం, దాని వెనక ఒక చెట్టు. నీళ్లలోంచి చూస్తే రెండూ ఒకే గీతలో కనిపించేచోట అలలు విరగడం మొదలవుతున్నాయి. కదలని గుర్తులు లేకపోతే నీటి ప్రవాహం మనిషిని ఎంత పక్కకు లాగుతోందో తెలియనే తెలియదు. పోటు ఎక్కినకొద్దీ, ఆటు తీసినకొద్దీ ఆ చోటు మారుతుంది కాబట్టి గంటకోసారి లెక్క సరిచూసుకోవాలి. గాలి సంగతి అందరికీ తెలిసిందే: నేల మీది నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తే అల ముఖం నున్నగా నిలబడుతుంది, సముద్రం నుంచి వీస్తే చెదిరిపోతుంది. తెల్లవారుజామున సర్ఫర్లు లేచేది సూర్యోదయం అందం కోసమని మీ వ్యాసకర్త రాశారు. అసలు కారణం ఆ వేళ నేల మీది నుంచి వీచే గాలి. పాపం, ఎవరూ నిజం చెప్పినట్టు లేదు.

ఇక ఆ ప్రమాదకరమైన వాక్యం. ‘కొత్తవారు అలలు విరగని, ప్రశాంతంగా ఉన్న చోటు చూసుకుని నీళ్లలోకి దిగాలి’ అన్నారు. దయచేసి దీనికి సవరణ వేయండి. రెండు వైపులా తెల్లగా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం నల్లగా, నున్నగా, ఏ నురగా లేకుండా ఉంటే అది చాలాసార్లు తిరుగు ప్రవాహం అయి ఉంటుంది. విరిగిన అలలు ఒడ్డుకు నెట్టిన నీళ్లు మళ్లీ లోపలికి పోయే దారి అది. అక్కడ నీళ్లు లోతుగా ఉంటాయి కాబట్టి అలలు విరగవు. విరగవు కాబట్టి చూడటానికి ముద్దుగా ఉంటుంది. నేను ఒంటరిగా వెళ్లిన రెండోసారి సరిగ్గా అలాంటి పట్టీలోనే దిగాను. చేతులు వేస్తుంటే బోర్డు దూసుకుపోతోంది. వారం రోజుల్లో భుజాలు ఎంత బలపడ్డాయో అని మురిసిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే దీపస్తంభం అగ్గిపుల్లంత ఉంది. ఒడ్డుకు తిరిగి, ఉన్న బలమంతా పెట్టి, మీ వ్యాసం చెప్పినట్టే చేతులు వేశాను. అయిదు నిమిషాల తర్వాత కూడా అగ్గిపుల్ల అగ్గిపుల్లలాగే ఉంది. గుండె దడ మొదలైంది. అదృష్టవశాత్తూ బోర్డు కాలికి తాడుతో కట్టి ఉంది, దాన్ని వదలకూడదన్న జ్ఞానం మిగిలింది. ఎవరో దూరం నుంచి చెయ్యి పక్కకు ఊపి చూపించారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు 40 మీటర్లు పోయేసరికి లాగుడు ఆగిపోయింది. అక్కడ విరుగుతున్న నురగే నన్ను ఒడ్డుకు చేర్చింది. ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఆ పట్టీ నాకు నిజంగా ప్రశాంతంగానే కనిపించింది. మీ వ్యాసం పట్టుకుని వెళ్లే మనిషికీ అలాగే కనిపిస్తుంది. అలవాటైన సర్ఫర్లు అదే ప్రవాహాన్ని లోపలికి పోవడానికి వాడుకుంటారన్నది వేరే సంగతి. వాళ్లు తెలిసి ఎక్కుతారు, ఎక్కడ దిగాలో తెలిసి దిగుతారు.

నా అంతట నేను మొదటి అల పట్టింది ఆ తర్వాత 23 రోజులకు. తేదీ నోటుపుస్తకంలో ఉంది. సముద్రం వైపు ముఖం పెట్టి బోర్డు మీద కూర్చుని ఉన్నాను. దిగంతం మీద గీత లేచింది. మొదటి అలను వదిలేశాను. వెనక ఉన్నది దానికంటే మంచిదైతే, మొదటిదాని కోసం పోయినవాడు రెండోదాని కింద పడతాడని అప్పటికి తెలిసింది. రెండోదాన్నీ వదిలాను, అది నాకు కుడివైపున చాలా దూరంలో ఎత్తుగా ఉంది. మూడోదాని ఎత్తైన భాగం దాదాపు నా ఎదురుగా వచ్చింది, ఎడమవైపుకు వాలుతూ పోతోంది. నాలుగుసార్లు పక్కకు చేతులు వేసి దాని దారిలోకి జరిగాను. తిరిగాను. ఒడ్డున స్తంభమూ చెట్టూ ఒకే గీతలో ఉన్నాయి. మెల్లగా మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. తోక లేచింది. ఇదివరకు ఇక్కడే ఆపేసి లేవబోయేవాణ్ణి. గడ్డం కిందికి దించి ఇంకో రెండు వేశాను. అప్పుడు వచ్చింది ఒక శబ్దం. బోర్డు కింద నీళ్లు గలగలమనడం ఆగి, కాగితం చీల్చినట్టు ఒకే సన్నని చప్పుడు. చేతుల పని అయిపోయింది, ఇక జారడమే. ఎడమవైపు చూశాను. నా భుజం పక్కన ఇంకా విరగని ఆకుపచ్చని నీటి గోడ, దాని మీద ఎండ. లేచాను. లేవడం గురించి చెప్పుకోదగింది ఏమీ లేదు, 11 వారాలు అదే కదా చేసింది. ఎంతసేపు ఉన్నానో తెలియదు, ఆరేడు సెకన్లకు మించి ఉండదు. పైగా నోరు తెరిచి అరిచానట, నాకు గుర్తు లేదు. ఆ అమ్మాయే చెప్పింది.

చేతి గడియారంతో తర్వాతెప్పుడో లెక్క వేశాను. రెండు గంటలు నీళ్లలో ఉంటే నేను నిజంగా అల మీద నిలబడే సమయం, అన్నీ కలిపి, నిమిషంన్నర. మిగతాదంతా చూడటం, జరగడం, వదిలేయడం. మీ వ్యాసం రెండు పేజీలూ ఆ నిమిషంన్నర గురించే.

ఇది ముసలివాళ్ల కష్టం మాత్రమే అని ఎవరైనా అంటే, 2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తుచేస్తాను. సర్ఫింగ్ పోటీలు పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ దీవిలో, తెఆహూపోలో జరిగాయి. పురుషుల సెమీఫైనల్లో మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన గాబ్రియేల్ మెదీనా, ఆస్ట్రేలియాకు చెందిన జాక్ రాబిన్సన్‌తో తలపడ్డాడు. సర్ఫింగ్‌లో ఒక్కొక్కరి ఉత్తమమైన రెండు అలల మార్కులు కలుపుతారు. ఆ అరగంటలో సముద్రం పడుకుంది. మెదీనాకు ఒక్క అలే దొరికింది, రెండోది రానే లేదు. అంతటివాడు ఫైనల్‌కు వెళ్లలేక, తర్వాత కంచు పతకంతో సరిపెట్టుకున్నాడు. అతనికి నిలబడటం రాదని ఎవరూ అనలేరు కదా.

హవాయి భాషలో సర్ఫింగ్‌ను ‘హేఎ నలు’ అంటారు, అల మీద జారడం అని. ఆ ‘నలు’ అన్న మాటకు అల అనే కాక, ఆలోచనలో పడటం అనే అర్థమూ నిఘంటువులో ఉంది. నిఘంటువులు తిరగేయడం నా పాత జబ్బు కాబట్టి రాశాను, స్థలం లేకపోతే తీసేయండి.

ఒక పద్ధతి గురించి కూడా మీరు రాసి ఉండవలసింది. అల విరగడం మొదలైనచోటికి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లది. వాళ్ల దారిలోకి ఇంకొకరు దిగకూడదు. నాకు ఇది తెలిసింది ఒకాయన బోర్డు అంచు నా తొడకు తగిలాక. ఆయన తిట్టిన తిట్లు న్యాయమైనవే. పక్కకు చూడకుండా ఎక్కేవాడు తనకే కాదు, పక్కవాడికీ ప్రమాదమే.

ఇక విన్నపం. మీరు రోజూ వాతావరణ పెట్టెలో ‘అలల ఎత్తు’ అని ఒక అంకె వేస్తున్నారు. సంతోషం. కానీ ఆ అంకె సగం సమాచారమే. గత సంవత్సరం మీ పెట్టెలో ఒక మీటరు అని వేసిన రెండు రోజులు నా పుస్తకంలో ఉన్నాయి. మొదటి రోజు చిన్నపిల్లలు ఆడుకునే చిల్లర అలలు, అయిదారు సెకన్లకొకటి. రెండో రోజు సముద్రం దూరం నుంచి చూడటానికి ఇంకా నిమ్మళంగా ఉంది, 14 సెకన్లకొక అల. అదే మీటరు అనుకుని దిగాను. నేల దగ్గరికి వచ్చేసరికి ఆ అలలు లేచిన తీరు వేరు. ఒకటి నన్ను అడుగుకు తొక్కింది, బోర్డు కింది రెక్క విరిగింది. ఆరు సెకన్ల అల శిఖరం నుంచి శిఖరానికి లోతు నీటిలో 56 మీటర్లు ఉంటే, 14 సెకన్లది 300 మీటర్లకు పైనే. వెనక ఉన్న నీటి బరువు ఎంత తేడాగా ఉంటుందో ఊహించుకోండి. ఎత్తు పక్కన ‘సెకన్లు’ అని ఇంకో అంకె, గాలి ఎటు నుంచో ఒక్క మాట, పోటు ఎక్కే సమయం వేస్తే చాలు. అన్నీ కలిపి ఒక్క వరస పడుతుంది. సముద్ర సూచనలు ఇచ్చేవాళ్ల దగ్గర ఈ వివరాలు ఎత్తుతోపాటే ఉంటాయి, కొత్తగా సంపాదించనక్కర్లేదు.

ఇంకో మాట. ఆ ఎత్తు సాధారణంగా అలలన్నింటిలో పెద్దవైన మూడో వంతు అలల సగటు. అన్నింటికన్నా పెద్ద అల దానికి రెండింతలూ ఉండవచ్చు. పెట్టె కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఒక్కసారి వేయండి. చిన్న అక్షరాలు ఎవరూ చదవరని మీ పేజీలు కట్టేవాళ్లు అంటారు. నేను చదువుతాను.

ఇట్లు,
విశ్రాంత ప్రూఫ్‌రీడర్

తా.క.: రెండో పేజీ, మూడో కాలమ్, కింద నుంచి ఆరో వరసలో ‘కెరటం’ కాస్తా ‘కెటరం’ అయింది.